గెంతేసిన పేరు

ఆగస్టు పదహారున మాకు పేపరు రాదు. పదిహేనున పేపరు ఆఫీసులకు సెలవు కాబట్టి మర్నాడు పొద్దున్న గేటు దగ్గర ఏమీ పడదు. చాలామందికి ఆ తేడా తెలియదు. నాకు తెలియడానికి కారణం కింది వాటాలో ఉండే టీచరు మామ్మ. ఆ ఒక్క రోజూ ఆవిడకు గడిచేది కాదు.

ఈ ఏడాది పదిహేడున పేపరు నేనే తీశాను. మెట్ల మీద నిలబడి విదేశీ వార్తల పేజీ చూశాను. జెండా వందనాల ఫొటోలన్నీ దాటాక, లోపల, కింద మూల, అరచేయంత వార్త ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ లొంగిపోయిందీ ఆగస్టు పదిహేనునే. ఆ రోజున టోక్యోలోని యుద్ధ స్మారక మందిరానికి జపాన్ మంత్రులు కొందరు వెళ్ళారు. ప్రధాని తాను వెళ్ళకుండా కానుక పంపారు. చైనా, దక్షిణ కొరియా అసంతృప్తి తెలిపాయి. నిరుడూ ఇంచుమించు ఇవే మాటలు. చదివి వినిపించడానికి ఎవరూ లేరు. పేపరు మడిచి గూట్లో పెట్టి కంపెనీ బస్సుకు వెళ్ళిపోయాను. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక, ఆవిడ మాఘమాసంలో పోయిందన్న సంగతి మళ్ళీ కొత్తగా తెలిసినట్టయింది.

సన్నగా, పొడుగ్గా ఉండేది. మాట మొదలుపెట్టే ముందు చూపుడువేలు కొంచెం పైకెత్తేది, క్లాసులో వెనక బెంచీలవాళ్ళు కూడా చూడాలన్నట్టు. ఆడపిల్లల హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైంది. చోడవరంలో నలభై దాటిన ఆడవాళ్ళలో సగం మందికి ఆవిడ చేతి స్కేలు దెబ్బ తెలుసు. కూరల బజారులో ఆవిడ కనబడగానే ఎవరో ఒకావిడ తక్కెడ వదిలేసి లేచి నిలబడేది.

"కూర్చోవే. ముందు బెండకాయలు తూచు. ముదురువి ఏరి పారేస్తాను, మళ్ళీ ఏడవకు" అనేది.

పెళ్ళి చేసుకోలేదు. తల్లిని చూసుకుంది. తల్లి పోయాక ఆ వాటాలో ఒక్కతే ఉండేది. ఎదుటివాళ్ళ మాట నచ్చకపోతే జవాబు చెప్పకుండా కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడిచేది. ఎంత నచ్చకపోతే అంతసేపు తుడిచేది.

మేం పైవాటాలో అద్దెకు దిగిన కొత్తలోనే నాకు ఉద్యోగం వచ్చింది. మెట్ల దగ్గర ఆపి అడిగింది.

"ఎక్కడే ఉద్యోగం?"

"సెజ్‌లో మామ్మా. జపానువాళ్ళ కంపెనీ. కార్ల విడిభాగాలు చేస్తారు. క్వాలిటీ కాగితాలు చూడ్డం నా పని."

కళ్ళద్దాలు తీసింది. చాలాసేపు తుడిచింది.

"బాగా చూస్తారా?"

"బాగానే చూస్తారు మామ్మా."

"చూస్తారు. ఇప్పుడు మంచివాళ్ళే" అంది. నేను కొత్తవాళ్ళతో రెండు మాటల కన్నా మాట్లాడలేను. ఆ 'ఇప్పుడు' ఏమిటని అడగకుండానే పైకి వచ్చేశాను.

ఆ ఆగస్టులోనే తెలిసింది. పదిహేడు పొద్దున్న నేను బస్సుకు దిగుతుంటే ఆవిడ గేటు పట్టుకుని నిలబడి ఉంది, చేతిలో పేపరు.

"ఒసే గుంటా, నీ కళ్ళు ఇలా పట్రా. నా కళ్ళకి చీమలు పాకుతన్నట్టుంది."

ఏం చదవాలో ఆవిడకు తెలుసు. పేజీ కూడా తెలుసు. నేను ఆ మూల వార్త చదివాను. విన్నంతసేపూ తల వంచుకుని, పేపరు అంచును గోటితో నొక్కుతూ నిలబడింది. అయ్యాక అడిగింది.

"మనవాళ్ళేమైనా అన్నారా?"

మళ్ళీ చూశాను. "లేదు మామ్మా. చైనా, కొరియా అన్నాయంతే."

"అనరు. ఎందుకంటారు? రైళ్ళిస్తన్నారు, అప్పులిస్తన్నారు. నీకు ఉద్యోగం ఇచ్చేరు. వెళ్ళు, బస్సొచ్చేస్తాది."

ప్రతి ఏడాదీ అదే ప్రశ్న. అదే జవాబు. మనవాళ్ళు ఏమీ అనరని ఆవిడకు ముందే తెలుసు. అయినా అడిగేది.

ఒక ఆదివారం నేనే ధైర్యం చేసి అడిగాను, ఆ టోక్యో మందిరం సంగతి ఏమిటని. ఆవిడ వాకిట్లో బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చూపుడువేలు లేచింది.

"ఆ గుడిలో విగ్రహాలుండవే. పేర్లుంటాయి. యుద్ధాల్లో చచ్చిపోయిన సిపాయిల పేర్లు, లక్షలు. ఆ పేర్లే దేవుళ్ళు వాళ్ళకి. అందులో తప్పేం లేదు. ఏ తల్లికి ఆ తల్లి కొడుకు దేవుడే."

"మరి గొడవెందుకు మామ్మా?"

"యుద్ధం అయిపోయిన ఎన్నో ఏళ్ళకి, ఆ యుద్ధం చేయించిన పెద్దమనుషుల పేర్లు కూడా అందులో కలిపేరు. కోర్టులో శిక్షపడినవాళ్ళవి. చప్పుడు చెయ్యకుండా, ఎవరికీ చెప్పకుండా. తర్వాతెప్పుడో పేపర్లో వస్తే తెలిసింది లోకానికి. ఇప్పుడు ప్రధానమంత్రి వెళ్ళి వంగి దణ్ణం పెట్టేడనుకో. ఎవరికి పెట్టినట్టు? చచ్చిన కుర్రాడికా, చంపమన్నవాడికా? చైనావాళ్ళు అదే అడుగుతారు. ఇద్దర్నీ ఒకే గుమ్మంలో పెట్టేరు. అదీ తగువు. ఆయన వెళ్తే వీళ్ళు రాయబారిని పిలిచి కేకలేస్తారు. కలవాల్సిన నాయకులు కలవరు. ఏడాదీ రెండేళ్ళూ మొహాలు చూసుకోరు."

"ఆ పేర్లు తీసెయ్యొచ్చు కదా?"

"తియ్యరు. ఒకసారి కలిసిన పేరు విడదియ్యడానికి అవదంటారు ఆ గుడివాళ్ళు. కొరియా కుర్రాళ్ళని బలవంతంగా పట్టుకెళ్ళి సైన్యంలో వేసుకున్నారు. వాళ్ళు చస్తే వాళ్ళ పేర్లూ అందులోనే పెట్టేరు. మా నాన్న పేరు తీసెయ్యండి బాబో అని కూతుళ్ళు కోర్టుల చుట్టూ తిరుగుతన్నారు. తియ్యరు." ఏరిన రాయిని వీధిలోకి విసిరింది. "వాళ్ళకి అక్కడ తీసెయ్యమని ఏడుపు..."

ఆ మాట అక్కడ ఆపేసింది. మిగతా సగం ఏమిటో నాకు భాద్రపదంలో తెలిసింది.

ఆవిడ పుట్టింది బర్మాలోని రంగూన్‌లో. మా వైపు పాతవాళ్ళు దాన్ని రంగం అంటారు. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ఊళ్ళ నుంచి జనం ఓడలెక్కి అక్కడికి పనులకు పోయేవారు. వాళ్ళ నాన్న బియ్యం మిల్లులో గుమాస్తా. జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేసినప్పుడు ఆయన భార్యనూ, కొడుకునూ, చంటిపిల్లగా ఉన్న ఈవిడనూ దొరికిన ఓడలో ఎక్కించి, తాను తర్వాతి ఓడకు వస్తానన్నాడట. రాలేదు. పోయాడని చెప్పినవాళ్ళు లేరు, బతికున్నాడని చెప్పినవాళ్ళూ లేరు. తండ్రి గురించి ఆవిడకు ఇంతకన్నా తెలియదు. ఎప్పుడు చెప్పినా పాఠంలా ఇవే మాటల్లో చెప్పేది.

తల్లి బొట్టు తీయలేదు, మట్టెలు తీయలేదు. ముసలితనంలో ముత్తైదువగానే పోయింది. పసుపు పూసి, ఎర్రచీర కట్టి సాగనంపారు. పుణ్యస్త్రీ అని వీధిలో ఆడవాళ్ళందరూ వచ్చి ఆ పసుపు తీసుకెళ్ళారట. అన్నగారి భార్య, అంటే టీచరు మామ్మ వదిన, ఏటా అత్తగారి తిథినాడు ఒక ముత్తైదువను పిలిచి, భోజనం పెట్టి, చీరా పసుపూ ఇస్తుంది. ఆ ఇంటికి అదొక గౌరవం.

ఆ వదినగారిది పక్క వాటానే. ఒకప్పుడు ఒకే ఇల్లు. ఇప్పుడు మధ్యలో గోడ. అటు దగ్గితే ఇటు వినబడుతుంది. వదినా ఆడబడుచూ మాట్లాడుకోరని మేం దిగిన వారంలోనే మా అమ్మ కనిపెట్టింది. ఎందుకో మాత్రం కనిపెట్టలేకపోయింది.

వినాయక చవితి పందిళ్ళు తీసేశాక అన్నగారి తద్దినం వస్తుంది. ఆ ఏడు నాకు సెలవు. కిందికి దిగితే టీచరు మామ్మ గోడకు ఆనుకుని స్టూలు మీద కూర్చుని ఉంది. వేలు పెదవుల మీద పెట్టి నన్ను పక్కన కూర్చోమంది. గోడకు అవతల పంతులుగారి గొంతు. ఆవిడ మేనల్లుడు, వదినగారి కొడుకు, అనకాపల్లి నుంచి వచ్చి తండ్రికి పిండం పెడుతున్నాడు. ముందు తండ్రి పేరు చెప్పించారు.

"ఇప్పుడు విను" అంది ఆవిడ గుసగుసగా.

పంతులుగారు ఇంకో పేరు చెప్పించారు, దాని తర్వాత మరొకటి.

"గెంతేసేరు" అంది.

నాకు అర్థం కాలేదు. బయటికి తీసుకొచ్చి చెప్పింది. తద్దినంలో తండ్రి, తాత, ముత్తాత, ముగ్గురి పేర్లూ చెప్పి నీళ్ళు వదలాలి. తాత బతికే ఉంటే ఆ పేరు వదిలేసి పైవాళ్ళ పేర్లు చెప్తారు. ఈ ఇంట్లో తాత పోయాడని ఎవరూ ఒప్పుకోలేదు కాబట్టి ఆయన లెక్కప్రకారం బతికే ఉన్నాడు.

"నూరు దాటి ఎన్నేళ్ళయిందో మా నాన్నకి. ఇంకా కుర్రాడే" అని నవ్వింది. తర్వాత కళ్ళద్దాలు తీసింది.

అన్నగారి మొదటి సంవత్సరీకం నాడు పంతులుగారు మామూలుగా అడిగారట, తాతగారు ఉన్నారా అని. వదినగారు "ఉన్నట్టే చెయ్యండి" అంది. ఈవిడ నలుగురిలో లేచి నిలబడి "లేరు" అంది.

"అప్పుడు మా వదిన ఏమందో తెలుసా? మా అత్తగారు బొట్టుతో వెళ్ళింది, నా ఇంట్లో ఆవిడ బొట్టు నువ్వు చెరపకు, అంది. ఆలోచించు. మా నాన్న అప్పుడే పోయేడని ఒప్పుకుంటే, మా అమ్మ ఆ నలభై ఏళ్ళూ ఎవరు? ఆ ఎర్రచీరేటి, ఆ పసుపేటి? ఆవిడ అడిగినదీ న్యాయమే. కానీ మా నాన్నో? అక్కడ బాంబులేసినవాడికీ పేరుంది. పొద్దునా సాయంత్రం దణ్ణం పెడతారు. బాంబు కింద ఉన్నవాడి పేరు సొంత ఇంట్లో గెంతేస్తారు."

ఆవిడ కావాలనుకున్నది ఇంతే. ఏడాదికి ఒకసారి, ఒక్క ఊపిరిలో, ఆ పేరు గోత్రంతో సహా ఎవరైనా పైకి చెప్పాలి. దానికోసమే వదినతో మాటలు పోయాయి. ఆ రోజు నుంచి తద్దినానికి అటు వెళ్ళదు, గోడకు ఇటు కూర్చుంటుంది.

సాయంత్రం పనిమనిషి చేత వదినగారు గారెల గిన్నె పంపింది. ఏటా పంపుతుందట. ఈవిడ గిన్నె కడిగి తిప్పి పంపేది. ఒక్క మాట ఉండేది కాదు.

"వాళ్ళ ప్రధానీ ఇంతే కదే. గుమ్మం తొక్కడు, కానుక పంపిస్తాడు" అని గారె విరిచి నాకు సగం ఇచ్చింది.

నిరుడు శ్రావణంలో ఆవిడ మొహం వెలిగిపోతూ కనిపించింది. మేనల్లుడు ఒప్పుకున్నాడు. తల్లికి తెలియకుండా పంతులుగారికి చెప్పి, ఈసారి ఆ పేరు కలిపించేస్తానన్నాడు. పంతులుగారు గబగబా చెప్పుకుపోతారు, పొయ్యి దగ్గరున్న వదినగారికి వినబడదు.

"వచ్చే నెల మా నాన్న పోతాడే" అంది నాతో. అలాంటి మాట అంత సంతోషంగా అనడం నేను ఎక్కడా వినలేదు.

ఆ రోజుల్లోనే మా కంపెనీకి జపాన్ నుంచి ఒక పెద్దాయన సలహాదారుగా వచ్చాడు. రిటైరైన ఇంజనీరు. క్యాంటీన్‌లో గోడవైపు టేబుల్ దగ్గర ఒక్కడే కూర్చుని పెరుగన్నం తినేవాడు. నేనూ ఒక్కదాన్నే తింటాను. ఆ సంగతి టీచరు మామ్మకు చెప్పడం నా పొరపాటు.

"అడగవే."

"ఏమని మామ్మా?"

"నువ్వు ఆ గుడికి వెళ్తావా అని."

"నా ఉద్యోగం పోతాది మామ్మా."

"పోతే కూరల బజారులో నా శిష్యురాలి దగ్గర పెట్టిస్తాను. అడుగు. గట్టిగా కాదు, మర్యాదగా."

చాలా రోజులు నోరు తెరిచి మూశాను. ఒకరోజు ఆయనే, ఎప్పుడూ ఒక్కదానివే కూర్చుంటావేం అని అడిగాడు. అప్పుడు అడిగేశాను. ఎవరు అడగమన్నారో కూడా చెప్పాను, రంగూన్ సంగతితో సహా. ఆయన చెంచా పక్కన పెట్టాడు.

ఆయనకు వచ్చిన కొద్దిపాటి ఇంగ్లీషులో, ఆగి ఆగి చెప్పాడు. తాను ఆ గుడికి వెళ్ళలేదు. తన పెదనాన్న పేరు అక్కడ ఉంది. ఆయన కూడా బర్మాలోనే పోయాడు. ఇంతకుముందు తాను చైనాలోని ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఎదురింటి ముసలాయన రోజూ సాయంత్రం చదరంగానికి పిలిచేవాడు. ఒక ఏడాది జపాన్ ప్రధాని ఆ గుడికి వెళ్ళాడు. మర్నాటి నుంచి ముసలాయన తలుపు తీయలేదు. ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో తన టేబుల్‌కు ఎవరూ రాలేదు. కొన్నాళ్ళకు ముసలాయన మళ్ళీ తలుపు తీసి పావులు పేర్చాడు. ఆ గుడి గురించి ఆయనా అనలేదు, తనూ అనలేదు. కానీ ఆట మునుపటిలా లేదు.

"మీ ఇంట్లో?" అని అడిగాను. ఎలా అడగగలిగానో తెలియదు.

"మా నాన్నమ్మ" అన్నాడు. కొడుకు దేవుడయ్యాడు, ఏడవకూడదు అని వచ్చినవాళ్ళందరూ ఆవిడకు చెప్పారట. ఆవిడ ఏడవలేదు. ఆ గుడికీ వెళ్ళలేదు. ప్రయాణంలో ఉన్నవాళ్ళ కోసం ఇంట్లో అన్నం పెట్టే అలవాటు వాళ్ళకుంది. దూరాన ఉన్న మనిషికి ఆకలి వేయకుండా. ఆవిడ పోయేదాకా రోజూ పొద్దున్న కొడుక్కి ఒక గిన్నెలో అన్నం పెట్టేది. చిన్నప్పుడు తాను చూశాడట.

సాయంత్రం ఇదంతా టీచరు మామ్మకు చెప్పాను. చైనా ముసలాయన దగ్గర "మరి?" అంది. గిన్నె దగ్గర కళ్ళద్దాలు కూడా తీయలేదు.

"రోజూ పెట్టేదా?"

"రోజూ అట మామ్మా."

"చచ్చిపోయేడని గవర్నమెంటు చెప్పినా?"

"చెప్పినా."

"మా అమ్మ సాయంత్రం మొహం కడుక్కుని, అద్దంలో చూసుకోకుండా బొట్టు పెట్టుకునేది. సరిగ్గా మధ్యలోనే పడేది" అంది. నా వైపు తిరిగి, "ఫోన్ కలుపు మావాడికి" అంది.

నా ఫోన్లోనే కలిపాను. చెవి సరిగ్గా వినబడదని స్పీకరు పెట్టమంది.

"ఒరే బాబూ, అది వద్దురా."

"ఏదత్తా?"

"తాత పేరు. మీ అమ్మకి తెలీకుండా వద్దు."

"చెప్తే ఒప్పుకోదు కదత్తా! ఇన్నేళ్ళూ దెబ్బలాడి, ఇప్పుడు తీరా నేను పంతులుగారితో మాట్లాడేక వద్దంటావేటి?"

"దెబ్బలాడేను. దొంగతనంగా చేసుకోడానికా దెబ్బలాడేను? ఆ గుడివాళ్ళు అలా చేసేరని ఏళ్ళ తరబడి తిట్టుకుంటన్నాను, ఇప్పుడు నేనూ అదే చెయ్యనా? మీ అమ్మ ఒప్పుకుంటే చెయ్యి. ఒప్పుకోకపోతే మానెయ్యి. ఆవిడ బాధ ఆవిడది."

"నువ్వే అడగొచ్చు కదా అమ్మని. గోడవతలే ఉంది."

ఫోన్ నా చేతిలో పెట్టేసింది.

తద్దినం నాడు నేను బస్సుకు దిగేసరికి స్టూలు మీద కూర్చునే ఉంది. ఏం జరిగిందని సాయంత్రం అడిగితే, "గెంతేసేరు" అంది. గొంతులో కోపం లేదు. కోపం ఉన్నప్పుడే బాగుండేదనిపించింది. ఆ తర్వాత నా చేత పేపరు తక్కువగా చదివించుకుంది. చదివినా, మనవాళ్ళేమైనా అన్నారా అని అడగలేదు. చీకటి పడ్డాక దీపం వేసుకోకుండా వాకిట్లో కూర్చునేది. వెళ్ళి పక్కన కూర్చుంటే జరిగి చోటిచ్చేది గానీ మాట్లాడేది కాదు. మాట్లాడించడం నాకు చేతకాదు. ఇద్దరం అలా కూర్చునేవాళ్ళం.

మాఘంలో, చక్కెర ఫ్యాక్టరీ తిరిగే రోజుల్లో, ఊరంతా బెల్లపు పాకం వాసనగా ఉన్నప్పుడు, జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో పోయింది. వదినగారు గోడ దాటి వచ్చి ఆవిడ తల దగ్గర కూర్చుంది. ఏడవలేదు. మేనల్లుడే అన్నీ చేశాడు.

మొన్న భాద్రపదంలో, తద్దినానికి ముందురోజు, వదినగారు మా మెట్లెక్కి వచ్చింది. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ పైకి రావడం అదే మొదటిసారి. రెయిలింగ్ పట్టుకుని ఆయాసపడుతోంది.

"మీ అమ్మ లేదేటే?"

"బజారుకెళ్ళింది మామ్మా. లోపలికి రండి."

"వస్తే మళ్ళీ దిగలేను" అంటూ పై మెట్టు మీదే కూలబడింది. "రేపు మా ఆయన తద్దినం."

"తెలుసు మామ్మా."

"నీకు తెలుస్తాది. నువ్వు దాని మనిషివి కదా." కొంగుతో మెడ తుడుచుకుంది. "మావోడు నిన్న సెప్పేడు. నిరుడు నాకు తెలీకుండా ఆ పేరు సెప్పించేద్దామనుకున్నారట ఇద్దరూ. తీరా ముందు అదే వద్దందట. నిజవేనా?"

"నిజమే. నా ఫోన్లోనే మాట్లాడింది."

"ఎందుకొద్దంది?"

"మీకు చెప్పకుండా చెయ్యడం ఇష్టం లేక."

"మరి నాకు సెప్పొచ్చుగా?"

"మీరు ఒప్పుకోరని."

"ఒప్పుకోను! ఎందుకొప్పుకుంటాను? తగువాడుదును. ఈ వీధి వీధంతా ఇనపడేలాగ తగువాడుదును." ఆయాసం వచ్చి ఆగింది. "తగువాడినా బాగుణ్ణు. మాటాడేది కదే నాతోటి."

నేను మంచినీళ్ళు తెచ్చిచ్చాను. తాగలేదు. గ్లాసు ఒళ్ళో పెట్టుకుంది.

"నువ్వు పేపరు సదివితే నేను గోడవతల ఇనీదాన్ని. ఆ దేశపోళ్ళు అడుగుతారు, ఈ దేశపోళ్ళు ఏదో ఒక జవాబు సెప్తారు. ఎన్నేళ్ళయినా ఆళ్ళు అడగడం మానరు. అది నన్నొక్కసారి అడిగింది, నేనొక్కసారి కాదన్నాను. అంతే. మళ్ళీ అడిగిందేటి? మళ్ళీ అడిగితే నేనేటందునో దానికేటి తెలుసు? నాకే తెల్దు."

కింద వాకిట్లో ఎండ తగ్గింది. ఆవిడ ఆ వాకిలి వైపు చూడలేదు.

"సదువుకున్నదానివి. సెప్పు. రేపు ఆ పేరు సెప్పించనా, మాననా?"

నన్ను ఎవరూ ఏదీ తేల్చమని అడగరు. ఇంట్లో కూర ఏం చెయ్యాలో కూడా అడగరు. "చెప్పించండి" అన్నాను. గొంతు నాకే కొత్తగా వినబడింది.

"మరి మా అత్త బొట్టో?"

"నాకు తెలీదు మామ్మా."

నీళ్ళు గడగడా తాగేసి గ్లాసు నాకిచ్చింది.

"మా అత్త తిథికి ముత్తైదువని ఎప్పట్లాగే పిలుస్తాను. చీరా పెడతాను, పసుపూ పెడతాను. మావగారికి నీళ్ళూ ఒదిలిస్తాను. రెండూ ఎలాగ కుదురుతాయమ్మా అని పంతులు అడిగితే, నీకు కుదరకపోతే మానీ, నాకు కుదిరింది అంటాను. నన్ను లేపు."

చెయ్యి పట్టుకుని లేపాను. దిగుతూ, సగంలో ఆగి, వెనక్కి తిరగకుండా అంది. "మళ్ళీ ఒక్కసారి అడగాల్సింది."

మర్నాడు బస్సు ఎక్కకుండా ఉండిపోయాను. కింది వాటాకు ఇంకా ఎవరూ రాలేదు. మా వసారా చివర నిలబడితే పక్కింటి వంటింటి పొగ, పంతులుగారి గొంతు, రెండూ పైకి వస్తాయి. మొదట తండ్రి పేరు చెప్పించారు. ఒక్క క్షణం ఆగారు. ఆ తర్వాత వచ్చిన పేరు నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు. టీచరు మామ్మ కూడా నా ముందు ఎప్పుడూ పలకలేదు. ఏదో పెద్ద పేరు అయి ఉంటుందనుకున్నాను. చాలా మామూలు పేరు. మా కంపెనీ బస్సులో ఆ పేరున్నవాళ్ళు ఇద్దరున్నారు. మేనల్లుడు దాన్ని గబగబా అనేశాడు, పంతులుగారు ముత్తాత పేరుకు వెళ్ళిపోయారు. అటు ఎవరి మాటా ఆగలేదు. ఇటు వినడానికి నేను తప్ప ఎవరూ లేరు, నేను వాళ్ళకు ఏమీ కాను.